మేడం గారు చూడగలరు

ముప్ఫై నాలుగేళ్ళు లైబ్రేరియన్‌గా చేసినదాన్ని. నాకు నోరెక్కువంటే మీరు నమ్మకపోవచ్చు. "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద కూర్చుని జీతం తీసుకున్న మనిషికి నోరెక్కడిదనుకుంటారు. మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, ఆ బోర్డు నాకు తప్ప అందరికీ వర్తించేది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు, "మీ సర్వీసులో మర్చిపోలేనిది ఒకటి చెప్పండి మేడం" అని అడుగుతుంటారు. ఏ సన్మానం గురించో చెబుతానని వాళ్ళ ఆశ. సన్మానాలు జరిగాయి, శాలువాలు బీరువాలో ఉన్నాయి. నాకు మాత్రం ఒక గురువారం గుర్తుంటుంది. దాని గురించి చెప్పాలంటే ముందు వికీ గురించి చెప్పాలి.

నా చివరి మూడేళ్ళు నూజివీడు నుంచి మైలవరం పోయే దారిలో ఒక ఊళ్ళో గడిచాయి. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలే. రెండు గదులు, ఒక వరండా ఉన్న శాఖా గ్రంథాలయం. నాతోపాటు కంప్యూటరు చూసుకోవడానికి కాంట్రాక్టు మీద వచ్చిన అమ్మాయి ఒకతి ఉండేది. చురుకైన పిల్ల. మాట మెత్తన, పని గట్టిది.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆడవాళ్ళు ఎనిమిది మంది చదువుకోవడానికి వచ్చేవాళ్ళు. ఎక్కువమంది రైతుల ఇళ్ళవాళ్ళు. ఒకావిడది కిరాణా కొట్టు. ఒకావిడ పక్క వీధి అంగన్‌వాడీలో ఆయా. తొమ్మిదిలోనో ఎనిమిదిలోనో చదువు ఆపేసి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ పుస్తకం పట్టినవాళ్ళు. మొదట పత్రికలు, తర్వాత కథలు, ఆ తర్వాత "మేడం, మేం పదో తరగతి కట్టొచ్చాండీ?" అన్నదాకా వచ్చింది వ్యవహారం. దూరవిద్యలో కట్టొచ్చన్నాను.

పిల్లలకు ఆదివారం కథల గంట, వేసవి శిబిరం, గ్రంథాలయ వారోత్సవాలు, వీటికితోడు ఈ ఆడవాళ్ళ చదువు. వీటన్నిటికీ ఫోన్లో ఒక గ్రూపు ఉండేది. అందులో నేను శనివారం పెట్టిన కార్యక్రమం ఆదివారం పొద్దుటికి పువ్వుల బొమ్మల కిందా, శుభోదయాల కిందా, దేవుళ్ళ పటాల కిందా పడి కనిపించకుండా పోయేది. "చూడలేదండీ" అనడం అందరికీ సులువైపోయింది.

"మేడం, మనకో వికీ పెట్టుకుందామండీ," అంది ఒకరోజు ఆ అమ్మాయి.

"అంటే?"

"ఇంటర్నెట్‌లో మన పేజీలు మనకి ఉంటాయండీ. కథల గంటకొకటి, వేసవి శిబిరానికొకటి, చదువుకునే ఆడవాళ్ళకొకటి. మనవాళ్ళలో ఎవరైనా ఫోన్లోంచే తెరిచి రాయొచ్చు. తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు."

"ఎవరైనానా?"

"ఎవరైనానండీ. పాతది పోదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూసుకోవచ్చు."

నాకు ఒళ్ళు మండింది. పుస్తకాల్లో పెన్సిలు గీతలు గీసేవాళ్ళని పట్టుకోవడానికే సగం సర్వీసు ఖర్చుపెట్టినదాన్ని. ఇప్పుడు పేజీ తెరిచి, రండి బాబూ రాయండి, కొట్టేయండి అనాలా? అయినా ఆ పిల్ల మొహం చూసి సరే, పెట్టమన్నాను.

నెల తిరిగేసరికి ఆ వికీ మీద నాకే మోజు పుట్టింది. చదువుకునే ఆడవాళ్ళ పేజీ చూస్తుంటే కాలం తెలిసేది కాదు. "రేపు మా తోటలో కోత, నేను రాను, నా వంతు పాఠం కొట్టు వదిన చదువుతుంది." కింద ఇంకొకరు: "ఎల్లుండి మా అత్తగారిని కళ్ళ డాక్టరుకి చూపించాలి, నూజివీడు దాకా ఆటోలో చోటుంది, ఎవరైనా వస్తారా?" ఆ కిందే ఆయా రాసేది: "లెక్కల్లో మూడో పాఠం నాకు రాలేదు. ఎవరికైనా వస్తే పది నిమిషాలు ముందు రండి." ఎవరి తోటలో ఎప్పుడు కోతో తెలుసు కాబట్టి వాళ్ళే ఒకరి సమయం ఒకరు సర్దుకునేవాళ్ళు. ఆ పని నేను చేసి ఉంటే వారంలో నాలుగు రోజులు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఒకసారి వారోత్సవాల పేజీ తెరిస్తే ప్రసంగాల జాబితా మధ్యలో ఆవకాయ కొలతలు. ఆవపిండి ఇంత, కారం ఇంత, కాయ పీచుది కావాలి అని. ఎవరో ఒక పేజీ అనుకుని ఇంకో పేజీలో రాసేశారు. దాని కింద మరో ఇద్దరు, మెంతులు వేయాలా వద్దా అని వాదులాట. నేను అరిచినంత అరిచి, సాయంత్రం ఆ కొలతలు నా డైరీలో రాసుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో ఆవకాయ ఆ కొలతే. ఆ రోజులు తలుచుకుంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇక నా ఘనకార్యం. కథల గంట పేజీలో "ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు" అని నేను రాశాను. సోమవారం చూస్తే అది అయిదు అయి ఉంది. మార్చింది మా అమ్మాయి. కారణం కూడా రాసింది, నాలుగింటికి ఎండకి పిల్లలు రావడంలేదని. నిజమే, అంతకుముందు ఆదివారం ఇద్దరే వచ్చారు. అందులో ఒకడు నిద్రపోయాడు.

నిజమని తెలిసీ ఊరుకోలేకపోయాను. మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ ఉండగా పిలిచాను. "ఏంటమ్మా, నేను రాసింది మార్చే ముందు అడగాలని తెలీదా? నీ వయసంత సర్వీసు నాది. నా రాత దిద్దేదానివయ్యావా?"

"తప్పయిపోయిందండీ," అంది. చెవులు ఎర్రబడ్డాయి పాపం. ఎనిమిది మందీ పుస్తకాల్లోంచి తలెత్తలేదు. కథల గంట మాత్రం అయిదింటికే ఉంచాను. నువ్వన్నదే సరైంది అన్న మాట ఆ పిల్లతో అనలేదు.

నన్ను నేను సమర్థించుకోను గానీ, నేను పెరిగిన ఆఫీసు అలాంటిది. చేరిన కొత్తలో మా పై అధికారి రాసిన నోట్‌లో ఒక తేదీ తప్పుంటే ఎర్ర సిరాతో కొట్టేసి సరిచేశాను. ఆయన ఫైలంతా నా చేత తిరగరాయించారు. "పెద్దవాళ్ళు రాసినదాని మీద కలం పెట్టకూడదమ్మా. కింద రాయి. వాళ్ళు చూసుకుంటారు." ఆ రోజు ఏడ్చాను. ఏడ్చినదాన్ని ఏం నేర్చుకోవాలి? నేర్చుకోవలసింది తప్ప అన్నీ నేర్చుకున్నాను.

ఆ తర్వాత వికీలో ఎవరూ నా వాక్యం ముట్టుకోలేదు. ఏదైనా మారితే, నేను రాసింది అలాగే ఉంచి, పేజీ అడుగున చిన్నగా రాసి "మేడం గారు చూడగలరు" అని ముగించేవాళ్ళు. అమ్మాయి మొదలుపెట్టింది, మిగతావాళ్ళు అందుకున్నారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకెంత హాయిగా ఉండేదో! ఇంకో నియమం కూడా పెట్టాను. కార్యక్రమాల మార్పులు నాకు ఫోన్లో చెప్పొద్దు, దారిలో ఆపి చెప్పొద్దు, పేజీలో రాయాల్సిందే. చెప్పాం కదండీ, చెప్పలేదు కదండీ అన్న గొడవ ఉండదని. వాళ్ళు ఆ నియమం తు.చ. తప్పకుండా పాటించారు.

ఎనిమిది మందిలో ఆయాది వేరే కథ. వాళ్ళ అంగన్‌వాడీ టీచరుగారు మరుసటి వేసవికి రిటైరవుతుంది. అప్పటికి పది పాసయి ఉంటే ఆ పోస్టుకి ఈవిడ పెట్టుకోవచ్చు. ఆ ఏడు దాటితే వయసు దాటిపోతుంది, ఇక జన్మంతా ఆయానే. పదిహేనేళ్ళుగా ఆ కేంద్రంలో పిల్లల ముక్కులు తుడిచేది, పప్పు వండేది, పాటలు పాడించేది ఈవిడే. టీచరుగారు సెలవు పెడితే బడి నడిపేది కూడా ఈవిడే.

"పాస్ అయితే ఏం చేస్తావు?" అని ఒకసారి అడిగాను.

"ఏం లేదండీ. పొద్దున్నే రిజిస్టరు నేను తెరిచి పిల్లల పేర్లు పిలుస్తాను," అంది, సిగ్గుపడుతూ.

మిగతా ఏడుగురికీ పదో తరగతి ముచ్చట. ఈవిడకి బతుకుతెరువు. అది నాకు బాగా తెలుసు, అందుకే ఇదంతా మీకు చెబుతున్నాను.

దరఖాస్తులకి అపరాధ రుసుముతో పెంచిన గడువు ఒక గురువారంతో ముగుస్తుంది. తోటల పనుల్లో పడి మావాళ్ళు కాగితాలు కూడబెట్టుకునేసరికి అంతదాకా వచ్చింది. దరఖాస్తులు తీసుకునే మాస్టారు మైలవరంలో ఒక స్కూల్లో ఉంటారు. అసలు సర్టిఫికెట్లు చూసి, మనిషి చేత సంతకం పెట్టించుకుని తీసుకోవాలి. ఆయన్ని బతిమాలి మా లైబ్రరీకే రప్పించే ఏర్పాటు చేశాను. పేజీలో పైన రాశాను: "గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు, మన గ్రంథాలయంలో. అందరూ అసలు కాగితాలతో రావాలి."

సోమవారం ఆ మాస్టారు లైబ్రరీకి ఫోన్ చేశారట. నేను బ్యాంకు పని మీద వెళ్ళాను. అమ్మాయి తీసుకుంది. ఆయన రాలేరు, గురువారం పొద్దున పదింటికి అందర్నీ మైలవరం స్కూలుకే పంపమన్నారు, పన్నెండింటికి దరఖాస్తులు కట్ట కట్టి విజయవాడ పట్టుకెళ్తానన్నారు. అమ్మాయి అదంతా పేజీ అడుగున రాసింది. చివర "మేడం గారు చూడగలరు". మంగళవారం నుంచి చింతలపూడిలో వాళ్ళ చెల్లి పెళ్ళికని సెలవు మీద వెళ్ళిపోయింది.

మేడం గారు చూడలేదు. నేను రాసిన పేజీని నేను మళ్ళీ చదవడమేంటి?

గురువారం రెండున్నరకే ఏడుగురూ వచ్చారు. జుట్లు దువ్వుకుని, మంచి చీరలు కట్టుకుని. మూడుకి అయిదు నిమిషాలు ఉందనగా ఆయా వచ్చింది, చెమటలు కక్కుతూ, కాగితాలు పాలిథీన్ కవరులో గుండెకి అదుముకుని. మూడయింది. మూడుంబావయింది. మాస్టారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పల్లెవాళ్ళంటే చులకన అని ఆయన్ని నాలుగు తిట్టి, ఏం చేయాలో తోచక కంప్యూటరులో పేజీ తెరిచాను. అప్పుడు చదివాను అడుగున ఉన్నది.

గట్టిగా చదివాను. కొట్టావిడ అంది, "అది మేం చూశామండీ."

"చూసి?"

"పైన మీరు రాసింది అలాగే ఉంది కదండీ. మీరు మార్చలేదంటే అదే ఖాయం అనుకున్నాం."

మిగతావాళ్ళు తలలూపారు. ఆయా తన కవరులో కాగితాలు సర్దుకుంటోంది.

మైలవరం అరగంట దారి. ఆ వేళకి బస్సు లేదు, ఆటోలన్నీ తోటల్లో కాయలకి పోయి ఉన్నాయి. చివరికి జ్యూసు ఫ్యాక్టరీకి కలెక్టర్ మామిడికాయలు తీసుకెళ్ళే వ్యాను ఒకటి ఆపి, డ్రైవరుని బతిమాలి, నేను ముందూ వాళ్ళు వెనక కాయల పక్కనా ఎక్కాం. దారి పొడుగునా జీడి వాసన. మంచి చీరలన్నిటికీ మామిడి జీడి అంటుకుంది.

స్కూలు గేటుకి తాళం. వాచ్‌మన్ వచ్చి, మాస్టారు కట్ట తీసుకుని మధ్యాహ్నమే విజయవాడ వెళ్ళిపోయారన్నాడు. వాచ్‌మన్ ఫోన్‌నుంచి చేస్తే అప్పుడు ఎత్తారాయన. నా జన్మలో ఎవరినీ అంతగా ప్రాధేయపడలేదు.

"నేనేం చేయనండీ, అప్పజెప్పేశాను. పన్నెండున్నర దాకా చూశాను. మీకు ముందే చెప్పించాను కదా," అన్నారు. ఆయన తప్పేం లేదు.

గేటు పక్కన అరుగు మీద కూలబడి ఏడ్చాను. అందరూ చూస్తుండగా. నా పక్కన వచ్చి కూర్చుంది ఎవరనుకున్నారు? ఆయా. "ఊరుకోండి మేడం. వచ్చే ఏడు రాద్దాం," అని తన కొంగుతో నా మొహం తుడిచింది. పిల్లలకి తుడిచి తుడిచి ఆ చెయ్యికి అలవాటు.

అప్పుడైనా తప్పు నాదని అన్నానా? లేదు. సోమవారం సెలవు నుంచి వచ్చిన అమ్మాయిని, "అంత ముఖ్యమైనదైతే ఫోన్ చేయకూడదా?" అని దులిపేశాను. "మీరే వద్దన్నారు కదండీ" అని ఆ పిల్ల అనవచ్చు. అనలేదు. ఆ నెలాఖరుకి విజయవాడలో వేరే పని చూసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ వికీ ఎలా నడపాలో నాకు ఒక నోటుబుక్కులో వరుసగా రాసిచ్చి వెళ్ళింది. మొదటి పేజీలోనే ఉంది: ఎవరి వాక్యమైనా ఎవరైనా మార్చవచ్చు.

మరుసటి ఏడు ఎనిమిది మంది చేతా నేనే పక్కనుండి దరఖాస్తులు పెట్టించాను. అయిదుగురు పాసయ్యారు. ఆయాకి లెక్కల్లో డెబ్భై రెండు మార్కులొచ్చాయి. కానీ అంగన్‌వాడీ పోస్టు ఈలోపే నిండిపోయింది. పక్క ఊరి నుంచి ఒక పడుచు పిల్ల టీచరుగా వచ్చింది. మంచి పిల్లే అని ఆయానే చెప్పింది.

నా రిటైర్‌మెంటుకి ఇంకా పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం మార్కుల మెమో చూపించడానికి వచ్చింది. ఎవరూ లేరు. ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఆ మెమో అటూ ఇటూ తిప్పి చూస్తుంటే నాకు కోపమొచ్చింది. ఇదే కాగితం ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే! నా కోపం సంగతి చెప్పాను కదా, ఎప్పుడూ పక్కవాళ్ళ మీదే పడుతుంది.

"అసలు ఆ రోజు ఎనిమిది మందిలో ఒక్కరికైనా బుర్ర పనిచేయలేదేంటమ్మా? కింద అంత స్పష్టంగా రాసి ఉంటే, ఒక్కరైనా వెళ్ళి చూసి ఉంటే ఎంత బాగుండేది!"

ఆయా మెమో మడతపెట్టింది.

"నేను వెళ్ళానండీ," అంది.

"ఎక్కడికి?"

"మైలవరం. పొద్దున పదింటికే. కింద రాసింది మా అబ్బాయి చేత కూడా చదివించుకున్నానండీ. బస్సెక్కి స్కూలు దగ్గర దిగాను. వరండాలో బల్ల వేసుకుని మాస్టారు కూర్చున్నారు. జనం వరసలో ఉన్నారు. మనవాళ్ళు ఒక్కరూ లేరు."

"మరి?"

"అరగంట గేటు దగ్గరే నుంచున్నాను. ఎవరూ రాలేదు. ఇది వేరే ఊళ్ళవాళ్ళకేమో, మనకి మేడం గారు మూడింటికన్నారు కదా, ఆవిడ రాసింది తప్పెందుకవుతుంది, నేనే సరిగ్గా అర్థం చేసుకోలేదేమో అనుకున్నానండీ. చదువుకోనిదాన్ని కదా. మళ్ళీ బస్సెక్కి వచ్చేశాను."

కాగితాలన్నీ చేతిలో ఉన్నాయి. మాస్టారు ఎదురుగా ఉన్నారు. గేటు తీసే ఉంది.

"ఆ రోజే చెప్పలేదేమమ్మా నాకు?"

"చెబితే మిమ్మల్ని అన్నట్టుంటుంది కదండీ," అంది. "అప్పటికే మీరు ఏడుస్తున్నారు."

సర్వీసు మొత్తంలో నేను ఎవరితోనూ అనని మాట అప్పుడు అన్నాను. "తప్పు నాదమ్మా. నీ ఉద్యోగం నేనే పోగొట్టాను."

"అయ్యో, ఊరుకోండి మేడం," అని నా చెయ్యి పట్టుకుంది. ఇంకా ఏదో అనబోయింది గానీ పక్క వీధిలోంచి "ఆయమ్మా, ఆయమ్మా" అని కొత్త టీచరు పిలుపు వినిపించింది. పిల్లలు నిద్ర లేచే వేళ. మెమో జాకెట్లో పెట్టుకుని, "వస్తానండీ, ఆ పిల్ల ఒక్కతీ వేగలేదు," అంటూ గబగబా మెట్లు దిగి వెళ్ళింది.